విశ్వకర్మ పూజ నాడు వైన్ గదిలో నీళ్ళు

ముందు అసలు వార్త చెప్పేస్తాను. లేకపోతే రాస్తున్నంతసేపూ అదే మధ్యలో దూరుతుంది. నేను డిగ్రీ పాసయ్యాను. బీఏ. రైల్వేలో రిటైరయ్యాక ఇంటి దగ్గరే చదువుకుని, పరీక్ష హాల్లో మా అమ్మాయి వయసు వాళ్ళ మధ్య కూర్చుని రాసి పాసయ్యాను. మా నాన్న లోకో షెడ్‌లో బొగ్గు మోశాడు. మా అమ్మ వేలిముద్ర వేసేది. అటు వైపు, ఇటు వైపు ఎంత వెతికినా మా వాళ్ళలో పట్టా అందుకున్నవాడు నాకన్నా ముందు ఎవడూ లేడు. మా రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్ గుడి దగ్గర పులిహోర పంచాను. కూరగాయల బండివాడికి చెప్పాను. ఆటోవాడికి చెప్పాను. రాంగ్ నంబరొచ్చి ఫోన్ చేసినాయనకి కూడా చెప్పాను. ఆయన "బధాయీ హో" అని పెట్టేశాడు. మంచి మనిషి.

ఈ వార్త విన్న, ఈ బెంగాలీ ఊళ్ళోని మన తెలుగు సంఘం కుర్రాళ్ళు "ఇంకేం అంకుల్, మీ ఉద్యోగం గురించి సంచికకి ఒకటి రాసివ్వండి" అన్నారు. అడిగిందే చాలని కూర్చున్నాను. నేను సర్వీసంతా ఏసీ కోచ్‌ల ఫిట్టర్‌ని. పెట్టెలు చల్లగా ఉంచడమే నా పని. పెట్టె చల్లగా ఉన్నన్నాళ్ళూ మనమనే వాళ్ళం ఒకళ్ళున్నామని ఎవరికీ తెలియదు. చల్లదనం ఆగితే మాత్రం పెట్టెలో అందరికీ మన ఇంటిపేరుతో సహా కావాలి. అలాంటి కథలు బోలెడు ఉన్నాయి గానీ అవి మా వాళ్ళందరి దగ్గరా ఉన్నాయి. నేను రాసేది రిటైరయ్యాక చేసిన ఒక పని గురించి. ఊళ్ళోనే మలంచా పేటలో ఒకాయన ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురు పాత దోస్తులం కలిసి వైన్ గది కట్టాం. సర్వీసులో నేర్చుకున్నదంతా అక్కడ పనికొచ్చింది. సర్వీసులో నేర్చుకున్నదే అక్కడ మా కొంప ముంచింది కూడా. పేర్లు మాత్రం రాయను. ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది, అది చాలు.

ఆ ఇంటాయన ఈ ఊళ్ళోనే, పూరీ గేట్ దగ్గర పుట్టి పెరిగినవాడే. వాళ్ళది బజార్లో కిరాణా కొట్టు. ఆయన మాత్రం కొట్లో కూర్చోలేక కుర్రతనంలోనే ఓడల్లో స్టీవర్డుగా చేరిపోయాడు. ఓడ మీద ఆఫీసర్లకి భోజనాలు పెట్టడం, ఏ భోజనంతో ఏ వైన్ ఇవ్వాలో చూడటం ఆయన ఉద్యోగం. రిటైరై వచ్చి మలంచా మెయిన్ రోడ్డుకి కాస్త లోపల ఇల్లు కట్టుకున్నాడు. కింద బేస్‌మెంట్ కూడా వేయించాడు. ఊళ్ళో అది వింతే. అందులో ఏం పెడతావని మేస్త్రీలు అడిగితే "చెప్తాను" అనేవాడట.

ఏసీ పని తెలిసినవాడు కావాలని ఆయన కబురు పెడితే వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు తీసింది ఆయన భార్య. నన్ను చూడగానే, ఎన్నాళ్ళ నుంచో తెలిసినట్టు ఫిర్యాదు మొదలుపెట్టింది.

"రండన్నయ్యా. మీరే సెప్పండి. మంచి ఏసీ గది సీసాలకిచ్చీసి మమ్మల్ని ఫాను కింద పడుకోబెట్టీసినారు. నాను ఈయన్ని సేసుకున్నానా, ఆ సీసాల్ని సేసుకున్నానా?"

లోపల నుంచి ఆయన గొంతు వినిపించింది. "వచ్చినోణ్ణి కూకోనియ్యవే ముందు."

"కూకోడానికి కుర్సీలేవి? కుర్సీల మీదా సీసాలే కదా!"

ఆవిడ అన్నయ్యా అంది కాబట్టి ఆయన నాకు బావగారైపోయారు. మనవాళ్ళకి ఊరు కాని ఊళ్ళో చుట్టరికం కలవడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

పడకగదిలోకి తీసుకెళ్ళి చూపించారు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి. మంచం లేదు. గోడల వారన చెక్క పెట్టెలు, వాటి నిండా గడ్డి, గడ్డిలో సీసాలు. ఏసీ ఆగకుండా నడుస్తోంది. ఎక్సైజ్ ఆఫీసుకి వెళ్ళి ఎన్ని ఉంచుకోవచ్చో కనుక్కుని, అన్నే ఉంచుకుని, మిగతావి తోటివాళ్ళకి ఇచ్చేసి వచ్చారట. ఒక్కో సీసా తీసి లేబుల్ మీద వేలు పెట్టి చెప్పారు. ఇది ఫలానా రేవులో కొన్నది. ఇది తుఫాను తప్పించుకుని ఒడ్డుకి చేరిన రోజున కెప్టెన్ ఇచ్చింది. ఇది మొదటి ఓడ దిగుతున్నప్పుడు వంటాయన ఇచ్చింది.

"జీతమంతా ఇంటికి పంపీసేవోణ్ణి గురూ. నాకని కొనుక్కున్నవి ఇవే" అన్నారు.

"ఎలగుంటాయి బావగారూ?" అని అడిగాను. నేను తాగను. ఊరికే, వినాలని అడిగాను.

ఆయన సీసాని తిరిగి గడ్డిలో పడుకోబెట్టారు. "ఇప్పుడెలగున్నాయో నాకూ తెలీదు."

"అదేటి? ఇంటికొచ్చినాక ఒక్కటీ తెరవలేదా?"

"తెరిస్తే తెలిసిపోద్ది కదా."

అప్పుడు చెప్పారు అసలు సంగతి. రేవు నుంచి పెట్టెలు లారీలో వచ్చాయి. మంచి ఎండాకాలం. దారిలో లారీ చెడిపోయి ఎండలో రోజుల తరబడి నిలబడిపోయింది. వైన్‌కి ఎండ విషంతో సమానమట. లోపల ఉడికినట్టయి రుచి చచ్చిపోతుందట. బయటికి మాత్రం సీసా అలాగే ఉంటుంది. ఒకటి పోతే అన్నీ పోయినట్టే, ఎందుకంటే అన్నీ ఒకే లారీలో వచ్చాయి. అందుకని ఆయన తెరవలేదు. తెరవనన్నాళ్ళూ బాగున్నాయనే అనుకోవచ్చు.

నాకు ఆ మాట ఇప్పుడు బాగా అర్థమవుతోంది. రిజల్ట్ వచ్చిందని మా అమ్మాయి ఫోన్ చేస్తే, చూడొద్దని ఫోన్ పెట్టేసి పెరట్లోకి పోయి మొక్కలకి నీళ్ళు పోసినవాణ్ణి నేను. వాన కురుస్తుండగా. (పాసయ్యాను. చెప్పాను కదా.)

"నువ్వు గది కట్టీ గురూ. సీసాలు సల్లగా సేరితే, తరవాత ఎప్పుడో ధైర్యం సేసి ఒకటి తెరుస్తాను" అన్నారాయన.

పనికి నేను ఇంకో ఇద్దర్ని పిలిచాను. ఒకాయన మా షెడ్‌లోనే నాతో పాటు పనిచేసిన బెంగాలీ ఎలక్ట్రీషియన్. మేమందరం దాదా అనేవాళ్ళం. తెలుగువాళ్ళ మధ్య పని చేసీ చేసీ ఆయన మాట్లాడేది ఏ భాషో ఆయనకే తెలియదు. రెండో ఆయన కోచ్ వర్క్‌షాప్‌లో చెక్కపని చేసి రిటైరైన మేస్త్రి. మన న్యూ సెటిల్‌మెంట్ ఆయనే. నోట్లో మాట తక్కువ, చెవి మీద పెన్సిల్ ఎప్పుడూ.

దాదా బేస్‌మెంట్ దిగి చుట్టూ చూసి నవ్వేశాడు.

"అరే బాబా, ఇదేటి పెద్ద పని? కోచ్ జైసా హీ తో హై. నాలుగు పక్కల థర్మోకోల్, ఒక తలుపు, ఒక మెషిన్. ఫస్ట్ ఏసీలో సాహెబ్ లోగ్‌ని సల్లగా పెట్టినాం, సీసాల్ని పెట్టలేమా?"

"సాహెబ్బులైతే సలేస్తే దుప్పటడుగుతారు. సీసాలడగవు" అన్నాడు మేస్త్రి. ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

నిజంగానే కోచ్ లాగే కట్టాం. గోడలకీ పైకప్పుకీ మందపాటి షీట్లు, బయటి తేమ లోపలికి రాకుండా వాటి వెనక ప్లాస్టిక్ పొర, గాలి దూరని రబ్బరు అంచుల తలుపు. పూల వ్యాపారులు వాడే చిన్న కోల్డ్‌రూమ్ మెషిన్ ఒకటి తెచ్చి గోడకి ఎత్తులో బిగించాం. మేస్త్రి గట్టి శాల్ చెక్కతో అరలు చేశాడు. సీసా పడుకుని ఉండాలి, కార్క్ బిరడా లోపలి వైన్‌తో ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ సీసా దొర్లకూడదు. ఆయన ప్రతి గుంటనీ సీసా పెట్టి చూసి మరీ చెక్కాడు. ఒక్కో సీసా నడుం ఒక్కోలా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. కుర్రాళ్ళూ, ముఖ్యంగా ఇంజనీరింగ్ చదవడానికి అంత దూరం నుంచి ఇక్కడికొచ్చిన పిల్లలూ, ఇది శ్రద్ధగా చదవండి.

చల్లబరిచే మెషిన్ ఏదైనా నీళ్ళు కారుస్తుంది. గాలిలో ఉన్న తేమ చల్లటి గొట్టాల మీద చెమట పట్టి బొట్లు బొట్లుగా పడుతుంది. ఆ నీళ్ళు ఎక్కడికో పోవాలి. కోచ్‌లో అయితే ఆలోచించేదేముంది? నేలలోంచి గొట్టం దింపుతాం. కింద పట్టాలుంటాయి, కంకర ఉంటుంది, నీళ్ళు అక్కడ పడతాయి, రైలు వెళ్ళిపోతుంది. సర్వీసంతా మేం ముగ్గురం నీళ్ళని కిందకే పంపాం. నీళ్ళంటే కిందకి పోయేవే అని మా ఒంటికి ఎక్కిపోయింది.

అందుకని వైన్ గది నేలకీ కన్నం పెట్టాం. ముప్పావు అంగుళం పైపు ముక్క దింపి, దాని కింద ఎర్ర మొరం నేల తవ్వి కంకర పోశాం. మెషిన్ నుంచి వచ్చే నీళ్ళు ఆ కన్నం మీద పడేటట్టు పెట్టాం. ఆ కన్నం మాట ముందు ఎవరన్నారో ఇప్పుడు ముగ్గురికీ గుర్తు లేదు. అంటే, ముగ్గురికీ గుర్తుంది, ఎవరూ చెప్పరు.

ఎండాకాలం చివర మెషిన్ వేస్తే నీళ్ళు బుడుంగుమని కన్నంలోకి పోయాయి. చంటిపిల్ల పాలు తాగుతుంటే చూసినట్టు ముగ్గురం వంగి చూశాం. కోచ్ కింద పట్టాలుంటాయి, బేస్‌మెంట్ కింద భూమి ఉంటుంది, వానాకాలంలో ఆ భూమి నిండా నీళ్ళుంటాయి అని మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. నీళ్ళు వెళ్ళే దారి నీళ్ళు వచ్చే దారి కూడా అవుతుందని తట్టలేదు.

వానాకాలం చాలావరకు గదిని ఖాళీగానే నడిపి చూశాం. కరెంటు పోయినా చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో చూసుకున్నాం. ఆ ఏడు వానలు ముందర పలచగా పడ్డాయి. మాకు అంతా బాగానే కనిపించింది. చివరికి ఒక మంచి రోజు చూసి సీసాలు కిందకి దించాం. బావగారు ఒక్కో పెట్టెనీ రెండు చేతులా పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దించారు. వాళ్ళావిడ పైనుంచి "నన్ను కాపరానికి తెచ్చినప్పుడు కూడా ఇంత జాగర్త పడలేదు" అంది. కొన్ని అరల్లో పెట్టారు. మిగతావి రేవుల వరసలో సర్దుకుంటానని నేల మీదే పెట్టెల్లో ఉంచారు.

తర్వాత వాన పట్టుకుంది. వదల్లేదు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. దూరం నుంచి వచ్చిన పిల్లల కోసం చెప్తున్నాను, అది మన ఆయుధపూజ లాంటిదే గానీ ఇక్కడ రైల్వే వర్క్‌షాపుల్లో దానికి పెద్ద పండగంత హంగు. పనిముట్లన్నీ తుడిచి, సిందూరం పెట్టి, దేవుడి ముందు పెడతాం. యంత్రాలన్నీ ఆపేస్తాం. ఆ రోజు పనిముట్టు ముట్టుకోం. ఆకాశం నిండా గాలిపటాలు. రిటైరైనవాళ్ళకి ఆ రోజు మాత్రం కాస్త బెంగగా ఉంటుంది. నిన్నటిదాకా మన చేతుల్లో ఉన్న వర్క్‌షాపులోకి చుట్టాల్లాగా వరసలో నిలబడి వెళ్ళి చూసి రావాలి.

దాదా ఆ ఏడు వెళ్ళనన్నాడు. "మన షాప్ ఇప్పుడు ఇదే హై. పూజ ఇక్కడే" అన్నాడు. ఏనుగు మీద కూర్చున్న చిన్న మట్టి విగ్రహం తెచ్చాడు. వైన్ గది తలుపు బయట, మెట్ల కింద బల్ల వేసి పెట్టాం. నా స్పానర్లు, దాదా కటింగ్ ప్లయర్లు, డ్రిల్లు, మేస్త్రి ఉలులూ రంపాలూ అన్నీ నూనె రాసి విగ్రహం ముందు పేర్చాం. మెషిన్‌కి కూడా సిందూరం పెట్టి, స్విచ్ ఇంటావిడ చేత ఆపించాడు దాదా. "ఆజ్ ఇస్కా భీ ఛుట్టీ." తలుపు మూసి ఉంటే గది ఒక రోజంతా చల్లగానే ఉంటుంది, ఆ బెంగ లేదు. పురోహితుడు వచ్చి పూజ చేసి వెళ్ళాడు. వీధివాళ్ళు కిచిడీ తినడానికి పైన చేరారు. వానకి గాలిపటాలు ఎగరక కుర్రకారు కూడా ఇంట్లోనే ఉన్నారు.

ఇంటావిడ ప్రసాదం ఆకులో పెట్టుకుని కిందకి దిగింది. "యంత్రానికి కూడా పెట్టాలి కదా" అని వైన్ గది తలుపు తీసింది.

"ఓలమ్మో! అన్నయ్యా! బేగి రండి, నీళ్ళు!"

నేల మీద ఎర్రటి నీళ్ళు. మా కన్నంలోంచి, మేం ముచ్చటపడి చూసిన ఆ కన్నంలోంచే, ఊట బుగ్గలాగా పైకి తన్నుకొస్తున్నాయి. పెట్టెల అడుగులు మునిగాయి. గడ్డి తేలుతోంది.

"మెయిన్ ఆఫ్ కరో! మెయిన్!" అని అరిచాడు దాదా. అరుస్తూ తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. సర్వీసంతా ఆయన విశ్వకర్మ రోజు లైటు స్విచ్ కూడా ఇంకొకళ్ళ చేత వేయించుకున్న మనిషి. ఇంటావిడే పరుగెత్తి మెయిన్ ఆపింది. బేస్‌మెంట్ మసకబారింది. సెల్‌ఫోన్ల వెలుతురులో పని మొదలైంది.

బావగారు నీళ్ళలోకి దిగి అడుగునున్న పెట్టెలోంచి సీసాలు తీసి గుండెకి ఆనించుకుని మెట్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. పైనున్న వీధివాళ్ళు దిగొచ్చి మెట్ల మీద వరసగా నిలబడ్డారు. చేతి నుంచి చేతికి సీసాలు పైకి వెళ్తున్నాయి. ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. "లేబుల్ తడవనీకండి. లేబుల్ ముట్టుకోకండి." లేబుల్ ఊడిపోతే ఏ సీసా ఏ రేవుదో, ఎవరిచ్చిందో ఇంకెవరు చెప్పగలరు?

కానీ మోసేవాళ్ళకన్నా నీళ్ళదే జోరు. కన్నం మూయాలి.

నేను గుడ్డ ఉండ చుట్టి కుక్కాను. నీళ్ళు దాన్ని ఉమ్మేసినట్టు ఉమ్మేశాయి. ఇంకోటి కుక్కి కాలితో తొక్కిపెట్టాను. పక్కల నుంచి వచ్చాయి.

మేస్త్రి నా పక్కన కూర్చుని పైపు మూతిని వేలితో కొలిచాడు. "చెక్క మేకు చెక్కి కొడితే ఆగిపోద్ది. ఎంతసేపు పని?" అన్నాడు. అని, లేచి, బల్ల మీద తన ఉలి వైపు చూశాడు. దాని మీద సిందూరం, ఒక మందారం. చెయ్యి చాచలేదు. దాదా వైపు చూశాడు.

దాదా బల్లకి అడ్డంగా నిలబడ్డాడు. "నై. ఆజ్ నై."

"దాదా, లైన్ మీద బండి ఆగిపోతే ఇవాళైనా వెళ్తాం కదా? డ్యూటీలో ఉన్నవాళ్ళు పని చేయడం లేదా?" అన్నాను.

"డ్యూటీ వేరే, భాయ్. అది ఉసీకా కామ్ హై, ఆ విశ్వకర్మదే. ఇది మనం పాడు చేసినాం, మనం సొంతంగా. దేవుడి ముందు పెట్టినది లాక్కుంటామా?"

దాదాని మొండివాడనుకోకండి. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ విగ్రహం ముందు ఆయన సర్వీసంతా ఉంది, ఆ గదిలో ఆయన మాట పోతోంది. మేస్త్రి మాత్రం ఏం చేస్తాడు, ఆయనా ఇంట్లో దసరాకి ఉలి ముట్టుకోనివాడే. నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా లేవలేదు. డిగ్రీ అప్పటికి రాలేదు గానీ, వచ్చి ఉన్నా లేచేది కాదనుకుంటాను.

ఇంటావిడ పైకెళ్ళి బంగాళాదుంప తెచ్చింది. కన్నంలో పెట్టి నొక్కితే చీలిపోయింది. క్యారెట్ తెచ్చింది. కాసేపు నిలబడి, బాణంలాగా ఎగిరి మేస్త్రి మోకాలికి తగిలింది.

"పప్పు గుత్తి తెమ్మంటారేటి?" అందావిడ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

అప్పుడు బావగారు చేతిలో సీసాతో ఆగిపోయారు. సీసా మూతి వైపు చూశారు. పైపు వైపు చూశారు. బిరడాతో కన్నం మూయాలనుకుంటున్నారని నాకు వెంటనే అర్థమైంది. ఆయన మొహం చూసి, వద్దులెండి, ఇంకేదైనా చూద్దాం అనబోయాను. అప్పటికే ఆయన మెట్ల మీద సీసాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్తున్నారు. ముందు పెద్దగా లెక్కలోకి రాని సీసా ఒకటి ఎంచుకున్నారు. దానికి రేకు మూత. దాని పక్కదీ అంతే. నాసిరకం వాటికన్నిటికీ రేకు మూతలే. బిరడాలున్నవన్నీ ఆయన ప్రాణం పెట్టుకున్నవే. చివరికి ఒకటి తీసి చంకలో పెట్టుకున్నారు.

జేబులోంచి బిరడా తీసే స్క్రూ తీశారు. ఓడలో వాడిందే, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. తీసి దాదా వైపు చూశారు.

"ఇది కూడా పనిముట్టేనా దాదా?"

దాదా బల్ల వైపు చూశాడు. దేవుడి ముందు పెట్టినవాటిలో ఆ స్క్రూ లేదు. "అది తో... రసోయీ కా సామాన్" అన్నాడు.

"వంటింటి సామానే" అంది ఇంటావిడ గట్టిగా, ఇంకెవరైనా వేరేగా అంటారేమోనని.

బిరడా చిన్న చప్పుడుతో ఊడింది. బావగారు సీసాలోకి చూడలేదు, వాసన చూడలేదు. సీసాని మెట్టు మీద పెట్టి, బిరడా మేస్త్రి చేతిలో పెట్టారు. మేస్త్రి అటూ ఇటూ తిప్పి "కాస్త లావున్నాది" అన్నాడు. ఇంటావిడ కత్తిపీట తెచ్చింది. అది వంటింటిదేనా అని ఈసారి ఎవరూ అడగలేదు. మేస్త్రి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వంకాయ తరిగినట్టు బిరడా ఒక కొస చుట్టూ సన్నగా చెక్కాడు. నేను పైపు మూతిలో పెట్టి అరచేత్తో నొక్కాను. చపాతీ కర్ర అడిగితే ఇచ్చారు. నొక్కిపెట్టి, కర్రతో నాలుగు పోట్లు వేశాను.

ఆగిపోయింది.

స్క్రూ దిగిన చోట నుంచి మాత్రం చెమటలాగా కొంచెం ఊరింది. అంతే. నీళ్ళు అంగుళం కూడా పెరగలేదు. వీధివాళ్ళు గిన్నెలతో, బకెట్లతో ఉన్న నీళ్ళు తోడి పారబోశారు. ఒకాయన కిచిడీ గరిటెతో తోడాడు. లేబుల్స్ కొన్ని అంచులు తడిశాయి గానీ ఒక్కటీ ఊడలేదు.

మర్నాడు ఏం చేశామో ఇక్కడే చెప్పేస్తాను. విగ్రహాన్ని నిమజ్జనం చేసి, పనిముట్లు తీసుకుని, ఆ కన్నాన్ని కాంక్రీటుతో శాశ్వతంగా మూసేశాం. మెషిన్ కింద చిన్న డబ్బా, అందులో నీళ్ళు పైకి నెట్టే చిన్న పంపు పెట్టి, నీళ్ళని పైకి, రోడ్డు పక్క కాలవలోకి పంపాం. సర్వీసంతా కిందకి పంపినవాళ్ళం మొదటిసారి పైకి పంపాం. పైపు బిగిస్తూ దాదా తనలో తనే నవ్వుకున్నాడు. అప్పటి నుంచి ఆ గదిలో ఇబ్బంది లేదు. పిల్లలూ, పాఠం అడిగితే ఇదే చెప్తాను. చేతికి బాగా అలవాటైన పని దగ్గరే ఒకసారి ఆగి, కింద ఏముందో చూసుకోండి.

కానీ ఆ రోజు ఇంకా అయిపోలేదు.

నీళ్ళు తోడటం అయ్యాక, అందరి కళ్ళూ మెట్టు మీద తెరిచి ఉన్న ఆ సీసా మీదకి వెళ్ళాయి. అప్పటిదాకా ఎవరికీ అది గుర్తు రాలేదు. బావగారికి మాత్రం గుర్తున్నట్టుంది. దాని వైపు వీపు పెట్టి, తుడిచిన సీసాలే మళ్ళీ తుడుస్తున్నారు.

"ఏటి సేస్తన్నారక్కడ?" అంది వాళ్ళావిడ.

"తడున్నాది."

"తడేటీ లేదు. ఇటు రండి. తెరిసీసినారు కదా, ఇంకేటి దాపరికం? బాగుంటే బాగుంటాది, పాడైతే పాడైపోతాది. సూడండి."

"రేపు సూస్తానే."

"రేపటికి మూత పెడదామంటే బిరడా ఎక్కడున్నాది?"

మేస్త్రి పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆవిడ తనే పైకెళ్ళి గ్లాసు తెచ్చింది. స్టీలు గ్లాసు. ఆయన ఆ గ్లాసే అందుకున్నారు. కొంచెం పోసుకున్నారు. గ్లాసుని కొంచెం తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.  

తాగారు. మింగకుండా నోట్లోనే ఉంచుకున్నారు. మేం ముగ్గురం, తాగని వాళ్ళం, రుచంటే ఏమిటో తెలియని వాళ్ళం, ఆయన గొంతు వైపే చూస్తున్నాం. పాసా ఫెయిలా అన్నట్టు.

మింగారు. మెట్టు మీద మెల్లగా కూర్చున్నారు.

"పాడైపోనాదా?" అంది ఆవిడ. ఆ గొంతులో దెప్పడం లేదు.

ఆయన తల అడ్డంగా ఊపారు.  "లేదు. ఎలగ కొన్నానో అలగే ఉన్నాది."

"ఏదీ, ఇంకోసారి సూడండి."

ఇంకోసారి చూశారు. "అలగే ఉన్నాది" అన్నారు మళ్ళీ. ఈసారి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.

"జయ్ బాబా విశ్వకర్మా!" అని అరిచాడు దాదా, చేతులు రెండూ ఎత్తి. మెట్ల మీదున్న వీధివాళ్ళు దేనికో తెలియకుండానే "జయ్!" అన్నారు. మేస్త్రి తడి నేల మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. 

ఇంటావిడ ఆయన పక్కన మెట్టు మీద చోటు చేసుకుని కూర్చుంది. సీసాని తన వైపు తిప్పుకుని, చెంగుతో మట్టి తుడిచి, లేబుల్ మీద తనకి రాని అక్షరాల వైపు చూసింది.

"ఇదెక్కడిది?" అని అడిగింది.

ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. కిచిడీ చల్లారిపోతోందని పైనుంచి ఎవరో కేకేశారు. మాలో ఒక్కరం కూడా లేవలేదు.